సొంతంగ కట్టిన రాక్ క్రాలర్ బండ ఎక్కుతలేదు, ఎల్లెలకల పడుతంది. జర చూడున్రి

గుట్టకింది బండి | ఏప్రిల్ 6, రాత్రి 9:40

అందరికి నమస్తే. నాది ధర్మసాగర్ దిక్కు. ఎనిమిది నెలల సంది ఒక్కొక్క సామాను కొనుక్కుంట 1/10 సైజు రాక్ క్రాలర్, అంటే బండలెక్కే రిమోట్ బండి కట్టిన. కిట్టు కాదు. ఛాసిస్ పట్టీలు అల్యూమినియం కిటికీలు చేసే దుకాణంల 3 మి.మీ. ఫ్లాటు తీసుకొని యాక్సా బ్లేడుతోటి కోసుకున్న. యాక్సిళ్లను ఛాసిస్‌కు కలిపే లింకులు 6 మి.మీ. స్టీలు రాడ్డు, రెండు కొసలకు లేతు మిషన్ కాడ మర కొట్టిపిచ్చిన. యాక్సిళ్లు, నడుమ గేర్ బాక్సు, షాకులు ఆన్‌లైన్‌ల తెప్పిచ్చిన. ముందు ఇరుసు నుంచి ఎనుక ఇరుసుకు 313 మి.మీ. టైర్లు 1.9 ఇంచుల రిమ్ముకు వచ్చేటివి, ఎత్తు 106 మి.మీ. మోటారు 540 సైజు, 27 టర్నుల బ్రష్డ్, పాత రేసు కారుది. స్టీరింగు తిప్పే చిన్న మోటారు, అదే సర్వో, ఎంజీ996ఆర్. బ్యాటరీ 3ఎస్ లైపో (మూడు సెల్లుల లిథియం పాలిమర్), జాగ ఉన్నదని ఎనుక పెట్టిన. బాడీ త్రీడీ ప్రింటు చేపిచ్చిన.

సాఫు నేల మీద మంచిగ ఉరుకుతంది. గుట్ట కాడికి తీసుకపోతే మూడు బాధలు. మోకాలెత్తు బండ ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేసి ఎల్లెలకల పడుతంది. రెండోది, యాక్సిలరేటర్ ఇయ్యంగనే బాడీ ఒక పక్కకు ఒరుగుతంది, ఎప్పుడు చూసినా అదే పక్క. మూడోదానికే నాకు ఎక్కువ బాధైతంది. చక్రం రెండు రాళ్ల సందుల ఇరికినప్పుడు స్టీరింగు తిప్పితే రెండు సెకండ్లు అంత బందైతది, బండి కిందికి జారుతది. మొన్న గట్లనే జారి ముందు బంపరు ఇరిగింది.

ఇంకా పెద్ద మోటారు ఏస్తే సరైతదా?

కాజీపేట లోకో | ఏప్రిల్ 6, రాత్రి 10:25

తమ్మీ, ఆఖరి ప్రశ్నకు ముందు జవాబు చెప్త. పెద్ద మోటారు వద్దు. నువ్వు చెప్పిన మూడిట్ల ఒక్కటి గూడ బలం తక్కువై అయ్యేది కాదు.

లెక్క చూడు. బండి 2.8 కిలోలు ఉన్నదనుకో. 45 డిగ్రీల ఎత్తు మీద అది జారకుండ నిలబడాలంటే 2 కిలోల తోపు కావాలె. టైరు నడిమి నుంచి అంచుకు 5.3 సెం.మీ. అంటే నాలుగు చక్రాలకు కలిపి పదిన్నర కిలో-సెంటీమీటర్ల టార్కు. మోటారు 34 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరిగేటట్టు గేర్లున్నయనుకో, మోటారు మీద పడే టార్కు 0.3 కిలో-సెంటీమీటర్లు మాత్రమే. గేర్ల రాపిడి ఇంకింత కలుపుకున్నా 540 మోటారుకు అది లెక్కల లేదు.

నీకు కావాల్సింది నెమ్మది. 27 టర్నులది తీసి 55 టర్నులది ఎయ్యి. టర్నులంటే మోటారు లోపల తీగ చుట్టిన లెక్క. అవి పెరిగిన కొద్ది మోటారు తిరిగే చుట్లు తగ్గుతయి, అదే కరెంటుకు పట్టు పెరుగుతది. మా రైల్వేల గూడ్సు లాగే ఇంజన్‌కు, ప్యాసింజర్ లాగే ఇంజన్‌కు పళ్ల లెక్క వేరే ఉంటది. గూడ్సు మెల్లగ పోతది గానీ ఎత్తు మీద ఆగి, మల్ల కదిలి, లాక్కపోతది. నీ బండి గట్ల కావాలె.

ఇప్పుడు నీ గేర్ ఎంత ఉన్నదో తెల్సుకో. బ్యాటరీ తీసెయ్యి. ఒక చక్రం మీద చాక్‌పీసు గీత గియ్యి. మోటారు పినియన్‌ను (మోటారు కొసకున్న చిన్న పళ్ల చక్రం) చేత్తో తిప్పుకుంట, ఆ గీత మల్ల అదే జాగకు వచ్చేదాక చుట్లు లెక్కపెట్టు. డిఫరెన్షియళ్లు లాక్ చేసినవా (రెండు పక్కల చక్రాలు కలిసే తిరిగేటట్టు), లేదా? అది గూడ చెప్పు. మోటారు స్పీడు నడిపే సర్క్యూటు, అదే ఈఎస్‌సీల డ్రాగ్ బ్రేక్ పెట్టినవా? యాక్సిలరేటర్ ఒదలంగనే మోటారు బిగపట్టి నిలబడాలె.

సోల్డరింగ్ సారు | ఏప్రిల్ 7, ఉదయం 6:50

మూడో బాధ గురించి నేను చెబుతాను, అది నా చేతి పని కాబట్టి.

మీ సర్వో పాడవలేదు, రిమోట్ కూడా బాగానే ఉంది. ఎంజీ996ఆర్ సర్వో కదలలేక ఇరుక్కుపోయినప్పుడు 6 వోల్టుల దగ్గర 2.5 ఆంపియర్ల దాకా లాగుతుంది. చక్రం రాళ్ల సందులో ఇరికితే జరిగేది అదే. ఆ కరెంటంతా ఈఎస్‌సీలో ఉన్న చిన్న బీఈసీ (బ్యాటరీ వోల్టేజీ తగ్గించి ఇచ్చే భాగం) నుంచి రావాలి, అదే బీఈసీ రిసీవర్‌ను కూడా నడపాలి. అది ఇవ్వలేక వోల్టేజీ ఒక్కసారి పడిపోతుంది, రిసీవర్ ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది. ఆ రెండు సెకండ్లే మీరు చూస్తున్నవి. ఆ సమయంలో డ్రాగ్ బ్రేక్ కూడా ఉండదు, అందుకే బండి జారుతోంది. నమ్మకం కుదరకపోతే బండిని బల్ల మీద పెట్టి, ముందు చక్రాన్ని చేత్తో గట్టిగా పట్టుకుని, ఎవరినైనా స్టీరింగ్ పూర్తిగా తిప్పమనండి. రిసీవర్ మీది ఎర్ర లైటును చూస్తూ ఉండండి, మిణుకుమంటుంది.

మందు ఏమిటంటే విడిగా 5 ఆంపియర్ల యూబీఈసీ (విడిగా దొరికే బీఈసీ) ఒకటి కొనండి, అవుట్‌పుట్ 6 వోల్టులకు పెట్టండి. దాని ఇన్‌పుట్ తీగలు బ్యాటరీ కనెక్టర్ దగ్గరే సోల్డర్ చేయండి. సర్వో తీగల్లో నడిమి ఎర్ర తీగను ప్లగ్గులోంచి బయటికి తీయాలి. ప్లాస్టిక్ నాలుకను గుండుసూదితో కొద్దిగా పైకి లేపితే పిన్ను దానంతట అదే జారి వస్తుంది, కోయనక్కర్లేదు. ఆ ఎర్ర తీగను యూబీఈసీ ఎర్ర తీగకు కలపండి. యూబీఈసీ నల్ల తీగ, సర్వో నల్ల తీగ (మీ సర్వోకు గోధుమ రంగు ఉంటుంది), రిసీవర్ నల్ల తీగ మూడూ ఒకచోట కలవాలి. అది మరిచిపోతే సర్వో వణుకుతుంది. సిగ్నల్ తీగ ఎప్పటిలాగే రిసీవర్‌కు. రిసీవర్ మాత్రం ఈఎస్‌సీ కరెంటు మీదే నడవనివ్వండి. రెండు సప్లైల ఎర్ర తీగలు ఒకదానికొకటి కలపవద్దు.

ఇంకో మాట. సర్వో పక్కనే, ఆ ఎర్ర నల్ల తీగల మధ్య 2200 మైక్రోఫారడ్ 16 వోల్టుల కెపాసిటర్ ఒకటి పెట్టండి. తెల్ల గీత ఉన్న కాలు నల్ల తీగకు. తిప్పి పెడితే పగులుతుంది, కళ్లకు ప్రమాదం. పెట్టే ముందు రెండుసార్లు చూసుకోండి.

గుట్టకింది బండి | ఏప్రిల్ 7, రాత్రి 8:15

సార్, మీరు చెప్పినట్టే చక్రం పట్టుకొని చూసిన. మా చెల్లె రిమోట్ తిప్పింది. లైటు మిణుక్కున ఆరి మల్ల వచ్చింది. ఇన్ని దినాలు రిమోట్ ఖరాబు అనుకుంట తిరిగిన.

లోకో అన్నా, చుట్లు లెక్కపెట్టిన. 22 చుట్లకే చక్రం ఒక చుట్టు తిరుగుతంది. పినియన్ 20 పళ్లు. డిఫరెన్షియళ్లు రెండూ లాకే. డ్రాగ్ బ్రేక్ పెట్టలేదు, జంపర్ మార్చాల్నని ఇప్పుడే తెలిసింది.

కాజీపేట లోకో | ఏప్రిల్ 7, రాత్రి 9:05

20 పళ్లది తీసి 13 పళ్లది పెట్టు. 22ను 20తో గుణించి 13తో భాగిస్తే దగ్గర దగ్గర 34 వస్తది. మోటారు నిమిషానికి 10,000 చుట్లు తిరిగితే చక్రం 294 చుట్లు, చుట్టుకు 33 సెం.మీ., అంటే గంటకు 6 కిలోమీటర్ల లోపలనే. మనిషి గబగబ నడిచినంత. క్రాలర్‌కు గంత చాలు.

పినియన్ మార్చినంక రెండు గేర్ల నడుమ సందు చూసుకోవాలె. నోటుబుక్కు కాయితం ముక్క చింపి పళ్ల నడుమ పెట్టి, మోటారును ఒత్తి పట్టి స్క్రూలు బిగించు. తర్వాత గేరు తిప్పి కాయితం తీయి. కాయితం మీద పళ్ల అచ్చు పడాలె గానీ చినగొద్దు. చినిగిందంటే మరీ దగ్గరగ ఉన్నట్టు.

ఒక పక్కకు ఒరిగే సంగతి. గేర్ బాక్సు నుంచి యాక్సిల్‌కు పోయే ప్రొపెల్లర్ షాఫ్టు ఒక దిక్కు తిరిగితే ఛాసిస్ ఎదురు దిక్కు తిరగాలని చూస్తది. మెత్తటి స్ప్రింగులుంటే ఒరుగుడు బాగ కనవడుతది. షాఫ్టు మీద ఎంత టార్కు పోతే అంత ఒరుగుడు, అందుకే తగ్గింపు అంత గేర్ బాక్సులనే పెట్టకుండ యాక్సిల్ కాడ, చక్రం కాడ పెడితే షాఫ్టు మీద భారం తగ్గుతది. 2017ల ట్రాక్సస్ తెచ్చిన టీఆర్ఎక్స్-4ల పోర్టల్ యాక్సిళ్లకు ఆ లాభం గూడ ఉన్నది. చక్రం కాడనే ఇంకొక జత గేర్లుంటయి, యాక్సిల్ నడిమి గేర్ల గుండు నేలకు ఎత్తుగ ఉంటది. నువ్వు ఇప్పుడు యాక్సిళ్లు మార్చకు. ఒరిగే పక్క ఎనుక స్ప్రింగు ఒక్కటి గట్టిది ఎయ్యి, షాకుల నూనె కొంచెం చిక్కటిది పొయ్యి. మొత్తం పోదు, సగానికి తగ్గుతది.

నువ్వు చేసిన పనిని మెచ్చుకుంటున్న తమ్మీ. కంపెనీలు క్రాలర్లు అమ్మకముందు జనం ఇట్లనే కట్టుకున్నరు. 1987ల టమియా తెచ్చిన క్లాడ్ బస్టర్ ట్రక్కుల ఒక్కొక్క యాక్సిల్ మీద ఒక్కొక్క మోటారు ఉంటది. ఆ యాక్సిళ్లు పీకి, సొంత ఛాసిస్‌కు బిగించి బండలెక్కిచ్చినోళ్లు మస్తుమంది.

జమ్మికుంట జీపు | ఏప్రిల్ 8, మధ్యాహ్నం 2:30

ఎల్లెలకల పడే సంగతి నేను చెప్త తమ్మీ. మోటారు మార్చినా, గేర్ మార్చినా అది పోదు. బరువు ఎక్కడున్నదో చూడాలె.

ఇంట్ల పిండి తూచే డిజిటల్ కాంటా ఉంటది గద. ముందు చక్రాలు రెండూ కాంటా మీద పెట్టు, ఎనుక చక్రాల కింద కాంటా అంత ఎత్తు పుస్తకాలు పెట్టు. ముందు బరువు రాసుకో. తర్వాత తిప్పి ఎనుక బరువు.

బండి బరువు నడిమి (గురుత్వ కేంద్రం) ఎంత ఎత్తుల ఉన్నదో తెలవాలంటే ఒక పలక తీసుకొని బండిని అడ్డంగ నిలబెట్టి, ఒక పక్క మెల్లగ లేపు. జారకుండ కింది టైర్ల పక్కకు సన్న పట్టీ కొట్టు. ఫోన్‌ల కోణం చూపిచ్చే యాప్ పలక మీద పెట్టు. బండి పడబోయి సరిగ్గ తూగేటప్పుడు ఎన్ని డిగ్రీలో చూడు. టైర్ల బయటి అంచు నుంచి అంచుకు వెడల్పు గూడ కొలిచి పెట్టు. ఈ మూడు కొలతలు ఇస్తే ఎంత ఎత్తు మీద ఎనుకకు పడుతదో లెక్క చెప్త.

గుట్టకింది బండి | ఏప్రిల్ 8, రాత్రి 9:50

అక్కా, ముందు 1.2 కిలో, ఎనుక 1.6 కిలో. పలక 45 డిగ్రీల కాడ తూగింది. వెడల్పు 220 మి.మీ.

జమ్మికుంట జీపు | ఏప్రిల్ 9, ఉదయం 11:10

చూడు. 45 డిగ్రీల కాడ తూగిందంటే బరువు నేలకు 110 మి.మీ. ఎత్తుల ఉన్నది, సగం వెడల్పు ఎంతో అంత. మొత్తం 2.8ల ముందు 1.2, అంటే బరువు ఎనుక ఇరుసుకు 134 మి.మీ. ముందట ఉన్నది. 134ను 110తో భాగిస్తే వచ్చేదాన్ని బట్టి 50 డిగ్రీలకే ముందు చక్రాల మీద బరువు సున్నా అయితది. దాని మీద యాక్సిలరేటర్ కొడితే ఎల్లెలకల పడక ఏమైతది?

బ్యాటరీని ఇవ్వాళనే ఎనుక నుంచి తీసి ముందు ఇరుసు మీదికి, సర్వో ఎనుకకు తే. షాకులు రంధ్రం మార్చి బండిని 15 మి.మీ. కిందికి దింపు. టైర్ల దుకాణంల వీల్ బ్యాలెన్సింగ్‌కు అంటిచ్చే 5 గ్రాముల ముక్కలుంటయి, అవి అడిగి తెచ్చుకో. ముందు రిమ్ముల లోపల చుట్టూ ఒక్కొక్క దానికి 20 అంటిచ్చు, మీదికెళ్లి బట్ట టేపు చుట్టు. ఎనుక రిమ్ములకు ఒక్కటి గూడ వద్దు. బరువు ఎక్కువైతదని భయపడకు, ఇరుసు ఎత్తుల, కింద ఉన్న బరువు నీకు మేలే చేస్తది.

ఇంకొకటి, నీ త్రీడీ ప్రింటు బాడీ తూచినవా? అది పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తోటి చేసిందైతే ఎండకాలం దాన్ని నమ్మకు. 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతది. ఏప్రిల్, మే మధ్యాహ్నాలు మన బండల మీద చెయ్యి పెట్టలేం. కారు అద్దాలు మూసి లోపల పెట్టినా ఒంగిపోతది. షాకు కుండీలు (షాకుల మీది కొసలు బిగించేటివి), సర్వో పట్టీ పీఎల్‌ఏ అయితే ఇంకింత వేడికి ఆగే పీఈటీజీకి మార్చు.

హాస్టల్ రూమ్ 12 | ఏప్రిల్ 9, సాయంత్రం 5:40

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నేను ఇక్కడ ఇంజినీరింగ్ చదువుతున్నాను. అంత సామాను కొనలేను. డబ్ల్యూపీఎల్ కంపెనీ 1/16 రిమోట్ ట్రక్కుతో మొదలుపెడితే ఈ పద్ధతులు పనికొస్తాయా? ఆదివారం ఖిలా వరంగల్ వైపు బండలు ఉన్నాయి కదా, అక్కడ నడపొచ్చా?

కరీంనగర్ కంకర | ఏప్రిల్ 9, రాత్రి 7:20

డబ్ల్యూపీఎల్ మంచి మొదలు తమ్ముడూ. ముందు ప్లాస్టిక్ గేర్లు మార్చి మెటల్ వెయ్యి, తర్వాత మోటారు. బరువు లెక్క, కాంటా లెక్క సైజు ఏదైనా అదే.

ఖిలా మాత్రం వద్దు. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తి చేసిన కోట అది, 13వ శతాబ్దం నాటిది. పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది. చెక్కిన రాళ్లు నేల మీదనే పరిచి ఉంటయి, మన బంపరు స్క్రూ గీసినా ఆ గీత పోదు. భూపాలపల్లి దిక్కు పాండవుల గుట్ట కూడ వద్దు, అక్కడ ఆదిమానవుల బొమ్మలున్నయి. పేరు లేని గుట్టలు మనకేం తక్కువ? ఊరికొకటి ఉంటది. భూమి ఎవరిదో వాళ్లనడిగి పోదాం.

బండల గురించి ఒక మాట. మన గ్రానైటు గరుకుగ ఉంటది, మెత్తటి రబ్బరు దాన్ని బాగ పట్టుకుంటది. బండ మీద దుమ్ము, సన్న మొరం ఉంటే మాత్రం ఏ టైరూ పట్టదు. నేను నడిపే ముందు పాత చీపురుతోటి దారి ఊడుస్త. వానకాలం నీడ దిక్కు నాచు పడుతది, ఆ పక్కకు పోకున్రి.

గుట్టకింది అన్నా, నీ టైర్లల్ల ఫోము ఏమున్నది? ఈ టైర్లల్ల గాలి ఉండదు, ఫోము మీదనే నడుస్తయి. దాంతోటి వచ్చిన ఒక్క మెత్తటి ఫోమే ఉంటే పక్కకు ఒరిగినప్పుడు టైరు ముడుచుకుపోతది. నేను లోపల రింగు యోగా మ్యాట్ కోసి పెడత, అది గట్టిగ ఉంటది, నీళ్లు తాగదు. దాని మీద పరుపుల దుకాణంల దొరికే మెత్తటి స్పాంజి చుట్టు. టైరు బండ అంచు మీద ఒంగాలె గానీ రిమ్ము తగలొద్దు. ఆ రెండిటి నడుమ దొరికేదాక నేను ఎనిమిది రింగులు కోసిన.

గుట్టకింది బండి | ఏప్రిల్ 20, రాత్రి 8:30

పది దినాలు కనబడలేదు, సామాను రావాల్సి ఉండె. అన్నీ చేసిన.

55 టర్నుల మోటారు, 13 పళ్ల పినియన్. యూబీఈసీ, కెపాసిటర్ పెట్టిన. సార్, పిన్ను నిజంగనే గుండుసూదికి వచ్చింది. చక్రం పట్టుకొని పది సార్లు తిప్పిచ్చిన, లైటు కదలలేదు. బ్యాటరీ ముందుకొచ్చింది, రిమ్ములల్ల ఇరవై ఇరవై ముక్కలు. ఇప్పుడు ముందు 1.75, ఎనుక 1.25, మొత్తం 3 కిలోలు. పలక 50 డిగ్రీల కాడ తూగింది. అక్క లెక్క ప్రకారం నేనే చేసుకున్న: బరువు ఎత్తు 92, ఎనుక ఇరుసుకు 183 మి.మీ. ముందట, అంటే 63 డిగ్రీల దాక పడదు.

పొద్దుగాల 6 గంటలకు మా ఊరి ఎనుక గుట్టకు పోయిన, కంకర అన్న చెప్పినట్టు చీపురు పట్టుకపోయిన. మొన్న మూడు సార్లు పడ్డ బండనే. దాని నడుమ అడ్డంగ ఒక పగులు ఉన్నది, చెయ్యంత వెడల్పు. ముందు కుడి చక్రం దాంట్ల దిగింది. పాత బండి అయితే ఆడనే బందయ్యేది. స్టీరింగు ఎడమకు తిప్పిన, సర్వో గుర్రుమన్నది, టైరు అంచు ఒంగి పగులు గోడను పట్టుకున్నది. యాక్సిలరేటర్ ఒక్క గింజంత ఇచ్చిన. చక్రం మెల్లగ, గడియారం ముల్లు లెక్క మీదికి వచ్చింది. నడుమల ఒదిలేసిన, డ్రాగ్ బ్రేక్ ఉన్నదా లేదా చూద్దామని. గట్లనే నిలబడ్డది. మా చెల్లె ఒకటి నుంచి ముప్పై దాక లెక్కపెట్టింది, జారలేదు. మల్ల కొంచెం ఇస్తే బండ మీదికెక్కి కూసున్నది. నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి అన్నా.

పక్కకు ఒరుగుడు సగం తగ్గింది, లోకో అన్న చెప్పినంతే.

సోల్డరింగ్ సారు | ఏప్రిల్ 20, రాత్రి 9:15

చదివి చాలా సంతోషమైంది బాబూ. ఒక్క జాగ్రత్త, ఎండలు ముదురుతున్నాయి. లైపోను బండ మీద ఎండలో పెట్టి పక్కకు వెళ్లవద్దు. దిగిన వెంటనే వేడిగా ఉన్నప్పుడు ఛార్జింగ్ పెట్టవద్దు, చల్లారనివ్వండి. సెల్లు ఒక్కోటి 3.5 వోల్టుల దగ్గర అరిచే చిన్న బజర్ దొరుకుతుంది, బ్యాలెన్స్ ప్లగ్గుకు తగిలించండి. వారం పాటు వాడకపోతే సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర ఉంచండి. ఉబ్బిన బ్యాటరీని వాడనే వద్దు. గట్టిగా మూత పడే స్టీలు డబ్బాలో పెట్టవద్దు, ఇసుక పోసిన మట్టి కుండ మేలు.

గుట్టకింది బండి | ఏప్రిల్ 21, ఉదయం 7:05

బజర్ ఇవ్వాళనే ఆర్డర్ చెప్త సార్. ఇంకొక్కటి మిగిలింది. బరువు దించుతందుకు త్రీడీ బాడీ తీసేసిన, ఉత్త ఛాసిస్ మీదనే నడిపిన. అక్కా, మీరు బాడీలు చేస్తరు గద, తేలికగ ఏం చేసుకోవచ్చు? నాకు కమాండర్ జీపు బాడీ కావాలె. మా ఊరికి చిన్నప్పుడు అదే వచ్చేది.

జమ్మికుంట జీపు | ఏప్రిల్ 21, మధ్యాహ్నం 1:45

మా నాయిన ఇరవై ఏండ్లు కమాండర్ నడిపిండు తమ్మీ, జమ్మికుంట నుంచి ఊర్లల్లకు. ఎనుక మెట్టు మీద నిలబడేటోళ్లు, టాపు మీద గంపలు, అన్నీ నాకు కండ్ల ముందట ఉన్నయి. దాని కోసమే నేను బాడీలు మొదలుపెట్టిన.

ఫ్లెక్సీ దుకాణంల 3 మి.మీ. సన్‌బోర్డు తెచ్చుకో, కట్టర్‌తోటి కోస్తే చక్కగ కోసుకపోతది. బానెట్, మడ్‌గార్డులు గట్టిగ కావాల్నంటే బోరు పైపు ముక్కను నిలువున చీరి, హీట్ గన్‌తోటి మెల్లగ వేడి చేసి, రెండు పలకల నడుమ పెట్టి మీద బరువు పెట్టు. చల్లారేవరకు పలక తీరుగ అయితది. మంట మీద కాల్చకు, పీవీసీ పొగ ఊపిరికి చెడ్డది. గాలి తగిలే జాగల చెయ్యి. అతుకులకు పైపులకు పెట్టే గమ్మే చాలు. టాపు మాత్రం బట్టదే పెట్టు, అసలు జీపుకు గూడ అదే ఉండె. మీద బరువు ఉండొద్దు.

నీ 313 మి.మీ.కు సరిపోయే కొలతలు కాయితం మీద గీస్తున్న. పక్క పలకలు అయిపోయినయి, ముందు జాలీ మిగిలింది. షాకు కుండీలు ఛాసిస్ పట్టీ మీద ఎంత ఎత్తుకు లేసినయో కొలిచి చెప్పు, బానెట్ కింద తగలకుండ చూడాలె.

గుట్టకింది బండి | ఏప్రిల్ 21, రాత్రి 8:00

ముందు కుండీలు 62 మి.మీ., ఎనుకవి 58 అక్కా.